గుంటూరులో మూడు కిలోవాట్ల సోలార్: తగ్గిన యూనిట్లు ఎక్కడ పోతున్నాయి, బ్యాటరీ కొనవచ్చా?

ప్రశ్న: అరండల్‌పేట నివాసి, గుంటూరు

అందరికీ నమస్కారం. మాది గుంటూరులో రెండంతస్తుల సొంత ఇల్లు. కింద మేము, పైన మా తమ్ముడి కుటుంబం ఉంటాము. రెండు వాటాలకూ మీటరు ఒకటే. గత ఏప్రిల్‌లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే మొత్తం 3.24 కిలోవాట్లు, పెట్టించాము. రాయితీ 78,000 రూపాయలు నెలన్నరలో ఖాతాలో పడింది. నెట్ మీటరు బిగించారు. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

నా సందేహాలు మూడు. మొదటిది, పెట్టించేటప్పుడు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున వస్తాయని చెప్పారు. ఆ లెక్కన నెలకు నాలుగు వందల యూనిట్లకు దగ్గరగా రావాలి. కానీ డిసెంబరు బిల్లులో మా ఇంటి నుంచి గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైన్లకు, వెళ్ళినవి 214 యూనిట్లు మాత్రమేనని, గ్రిడ్ నుంచి మేము తీసుకున్నవి 268 అని ఉంది. సగం కరెంటు ఎక్కడికి పోయినట్టు? రెండవది, మొన్న పట్టపగలు పదకొండు గంటలకు, ఎండ బాగా కాస్తుండగానే వీధిలో కరెంటు పోయింది. ఆ క్షణమే మా సోలార్ కూడా ఆగిపోయింది. డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకొని చీకట్లో కూర్చోవడం ఏమిటని మా నాన్నగారు అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. మూడవది అసలు విషయం. ఈ రెండింటికీ మందు ఒకటేనని, ఐదు యూనిట్ల లిథియం బ్యాటరీ, దానికి సరిపడే, ప్యానెళ్లతోనూ బ్యాటరీతోనూ పని చేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కలిపి 2,10,000 రూపాయలకు పెట్టిస్తామని, దానితో బిల్లు సున్నా అవుతుందని పెట్టించిన సంస్థ వారు అంటున్నారు.

మా ఇంట్లో 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీతో పాత ఇన్వర్టరు ఒకటి నాలుగేళ్ళుగా ఉంది. ఎండాకాలంలో రోజుకు గంట, ఒక్కోసారి రెండు గంటలు కరెంటు పోతుంది. గత మే నెలలో ఇంటి మొత్తం వాడకం 620 యూనిట్ల దాకా వెళ్ళింది. ఉన్నదాని నుంచే ఇంకా రాబట్టే మార్గం ఉందా, లేక రెండు లక్షలు పెట్టక తప్పదా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, విజయవాడ

మీ మొదటి సందేహంలోనే ఒక పొరపాటు ఉన్నది, అది చాలామంది చేసేదే. నెట్ మీటరు ఇంటికీ గ్రిడ్‌కూ మధ్య గుమ్మంలాంటిది. గుమ్మం దాటి బయటకు వెళ్ళిన యూనిట్లను, లోపలికి వచ్చిన యూనిట్లను మాత్రమే అది లెక్కపెడుతుంది. పగలు ప్యానెళ్లు ఇస్తున్న కరెంటుతో మీ ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటారు నడిచినప్పుడు ఆ యూనిట్లు గుమ్మం దాటవు కనుక బిల్లులో ఎక్కడా కనిపించవు. మొత్తం ఉత్పత్తి ఎంతో తెలియాలంటే సోలార్ ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) మీద ఉన్న తెరలోనో, దాని ఫోన్ యాప్‌లోనో చూడాలి. ఆ అంకె నుంచి 214 తీసివేస్తే మీరు నేరుగా వాడుకున్నది తెలుస్తుంది.

రెండవ సందేహానికి మీ నాన్నగారికి ఇలా చెప్పండి. వీధిలో కరెంటు లేనప్పుడు లైన్‌మన్ స్తంభం ఎక్కి పని చేస్తూ ఉండవచ్చు. ఆ సమయంలో మీ ఇన్వర్టరు కరెంటును వీధిలోకి తోస్తే, ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్ళి అవతలి పక్క 11 వేల వోల్టులుగా మారే ప్రమాదం ఉంది. అందుకే గ్రిడ్ ఆగిన మరుక్షణం తానూ ఆగిపోవాలన్నది ఈ రకం ఇన్వర్టర్లన్నిటికీ తప్పనిసరి నిబంధన. మీది చెడిపోలేదు, సరిగ్గా పని చేస్తున్నది. అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. నాకు తెలిసినంతలో చెప్పేవారు అరుదు.

బ్యాటరీ సంగతికి వచ్చే ముందు నాకు రెండు వివరాలు కావాలి. డిసెంబరు నెల మొత్తం ఉత్పత్తి యాప్‌లో ఎంత చూపుతున్నది? మబ్బు లేని ఒక రోజు తీసుకొని, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉత్పత్తి గీత ఎలా ఉందో చూడండి. అది గంట ఆకారంలో నున్నగా ఎక్కి నున్నగా దిగాలి. మధ్యాహ్నం ఉన్నట్టుండి సున్నాకు పడి కాసేపటికి మళ్ళీ లేస్తూ ఉంటే వీధి వోల్టేజి 253 దాటడం వల్ల ఇన్వర్టరు తనను తాను ఆపుకుంటున్నదని అర్థం. అది విద్యుత్ పంపిణీ సంస్థకు రాసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిచేయించుకోవలసిన విషయం. ఒక వైపు మాత్రమే గొడ్డలితో నరికినట్టు పడిపోతే అది నీడ.

అరండల్‌పేట నివాసి, గుంటూరు

ధన్యవాదాలండి. యాప్‌లో డిసెంబరు ఉత్పత్తి 291 యూనిట్లు. అంటే 77 యూనిట్లు ఇంట్లోనే ఖర్చయ్యాయన్నమాట. ఇన్నాళ్ళూ వాటిని పోయినవాటి కిందే లెక్క వేసుకున్నాను. అయినా నాలుగు వందలకు ఇది చాలా దూరం కదా. గీత సున్నాకు ఎప్పుడూ పడలేదు. ఉదయం నున్నగానే ఎక్కుతున్నది, మధ్యాహ్నం రెండుంపావు తర్వాత మాత్రం మెట్టు దిగినట్టు దిగి, అక్కడి నుంచి నాలుగున్నర దాకా నీరసంగా సాగుతున్నది. మే నెల గీతలో ఈ మెట్టు లేదు. మే నెల మొత్తం ఉత్పత్తి 360.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, విజయవాడ

మీ డాబా చూడకుండానే ఒక ఊహ చెబుతాను. మెట్ల గది, దాని మీద నీళ్ళ ట్యాంకు నైరుతి మూలన ఉన్నాయి, ప్యానెళ్లు వాటికి ఈశాన్యంగా ఉన్నాయి. అవునా?

ఇది జోస్యం కాదు. వాస్తు ప్రకారం నైరుతి మూల ఎత్తుగా, బరువుగా ఉండాలని మన ఊళ్ళలో నూటికి తొంభై ఇళ్ళకు ట్యాంకు అక్కడే కడతారు. డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నపు ఎండ వచ్చేదీ సరిగ్గా ఆ మూల నుంచే. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడవ వారంలో నడినెత్తిన ఉండవలసిన వేళకు కూడా సూర్యుడు దక్షిణం వైపు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మూడు గంటలకు నైరుతి దిక్కున దాదాపు 31 డిగ్రీలకు దిగుతాడు. అప్పుడు ఎనిమిది అడుగుల ఎత్తున్న గది నీడ ఈశాన్యం వైపు 13 అడుగులు పరుచుకుంటుంది, పైన ట్యాంకు ఉంటే ఇంకా ఎక్కువ. మే నెల నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు మనకు ఉత్తరానికి జరుగుతాడు కనుక అదే గది నీడ తూర్పు వైపుకు, ఏడెనిమిది అడుగులు మాత్రమే పడి మీ ప్యానెళ్లను తాకదు. ఏప్రిల్‌లో బిగించిన వారికి ఈ నీడ కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు, కానీ డిసెంబరు నీడ ఎక్కడిదాకా వస్తుందో లెక్క వేసి పెట్టడం వారి పనే.

ప్యానెళ్లు అన్నీ ఒకదాని వెనుక ఒకటి ఒకే వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి నీడ పడ్డ ప్యానెల్ మిగతావాటికి అడ్డం పడకుండా లోపల బైపాస్ డయోడ్లు ఉంటాయి. అవి పని చేసినప్పుడు నీడ పడ్డ భాగం పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది. చేతి వెడల్పు నీడ కూడా ఒక్కోసారి ప్యానెల్‌లో మూడో వంతును మింగేది ఇందువల్లనే. మీ గీతలో కనిపించే మెట్టు అదే. ఒక సెలవు రోజు రెండు గంటలకు డాబా ఎక్కి, నాలుగింటిదాకా ప్రతి పావుగంటకు ఒక ఫోటో తీయండి.

తక్కిన లోటు దుమ్ము వల్ల కావచ్చు. వానలు ఆగాక ఎన్నిసార్లు కడిగారు? మన ప్రాంతంలో ఎండాకాలం ముగిసేదాకా రెండు వారాలకు ఒకసారైనా కడగాలి. తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ కడగాలి. నడిమధ్యాహ్నం కాగిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్ళు కొడితే అది చిట్లవచ్చు. గుంటూరు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కనుక వాటితో కడిగి అలాగే ఆరనిస్తే తెల్లటి పొర కట్టి, దుమ్ము కంటే మొండిగా పట్టుకుంటుంది. మునిసిపల్ నీళ్ళు, మెత్తటి తుడుపుకర్ర చాలు. ప్యానెళ్ల మీద కాలు మాత్రం పెట్టవద్దు; పైకి ఏమీ కనిపించకపోయినా లోపలి సెల్లులు పగులుతాయి.

మే నెలలో 360 మాత్రమే రావడాన్ని గురించి దిగులు పడకండి. ప్యానెల్ మీద రాసిన 540 వాట్లు సెల్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి మాట. మే మధ్యాహ్నం అది 65, 70 డిగ్రీలకు కాగుతుంది, డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. అక్కడే నూటికి పదిహేను పోతాయి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకుంటాము గానీ మన జిల్లాల్లో ఫిబ్రవరి, మార్చి నెలలే ప్యానెళ్లకు ఇష్టమైన కాలం.

జవాబు: కూకట్‌పల్లి వాసి, హైదరాబాదు

నా అనుభవం కూడా చెబుతాను. మాకూ మూడు కిలోవాట్లే. మొదటి ఆరు నెలలు బిల్లు ఆశించినంత తగ్గలేదు. తరువాత మోటారు, వాషింగ్ మెషీను, గీజరు, ఇస్త్రీ అన్నీ పదకొండు నుంచి మూడు గంటల మధ్యకు మార్చాము. ఇంట్లో ఆరు ఫ్యాన్లనూ తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ రకానికి మార్చాము. ఇప్పుడు బిల్లు మూడో వంతుకు వచ్చింది. ఆడవారికి మొదట్లో కొంచెం ఇబ్బంది అనిపించినా అలవాటైంది. పగటి కరెంటును పగలే వాడుకోవడం, మిగిలినదాన్ని బ్యాటరీలో పెట్టుకొని రాత్రికి వాడుకోవడం అన్నదే సోలార్ రహస్యమని నా అభిప్రాయం. స్తోమత ఉంటే బ్యాటరీ తీసుకోండి.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, విజయవాడ

కూకట్‌పల్లి వారు మన్నించాలి. వారి బిల్లు తగ్గిన మాట నిజమే గానీ కారణం వేరని నా లెక్క. నెట్ మీటరు పద్ధతిలో మధ్యాహ్నం మీరు బయటకు పంపిన ఒక యూనిట్టు, రాత్రి మీరు తీసుకున్న ఒక యూనిట్టును పూర్తిగా చెల్లు చేస్తుంది. మోటారు మధ్యాహ్నం వేసినా రాత్రి వేసినా నెలాఖరు తీసివేతలో వచ్చే అంకె ఒకటే. వాషింగ్ మెషీను వేళ మార్చినందువల్ల ఒక్క రూపాయి కూడా తగ్గదు, ఇంటివారిని ఇబ్బంది పెట్టడం తప్ప. తగ్గించినవి ఆ ఆరు ఫ్యాన్లు. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను ఒక్కోటీ నెలకు 20 యూనిట్లు మిగులుస్తుంది, ఆరింటికి 120.

ఈ తీసివేత ఎంత విలువైనదో మన ఆంధ్రప్రదేశ్ శ్లాబులతో, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే యూనిట్టు ధరలతో, చూద్దాము. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మే నెలలో మీ 620 యూనిట్లకు సోలార్ లేకపోతే స్థిర చార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు కాక 4,693 రూపాయలు అయ్యేది. 360 యూనిట్ల సోలార్ వల్ల నికరంగా 260 యూనిట్లకే కట్టారు, అది 1,323. అంటే సోలార్ యూనిట్టు ఒక్కొక్కటి మీకు దాదాపు 9 రూపాయల 36 పైసలు మిగిల్చింది, ఎందుకంటే అది పైనున్న ఖరీదైన శ్లాబును ముందుగా కొట్టేస్తుంది. అదే డిసెంబరులో మీ మొత్తం వాడకం 345, నికరం 54. అప్పుడు సోలార్ యూనిట్టు ఒక్కొక్కటి మిగిల్చింది 6 రూపాయల 66 పైసలు. ఇక మే నెలలో ఫ్యాన్ల వల్ల ఇంకో 120 తగ్గి నికరం 140కి దిగితే 1,323 కాస్తా 507 అవుతుంది. ఫ్యాను ఒక్కోటీ సుమారు 3,000 రూపాయలు వేసుకున్నా ఆరింటికి 18,000. రెండు లక్షల పది వేల బ్యాటరీ ఈ పని చేయదు.

ఎందుకు చేయదంటే, నెట్ మీటరు ఉన్నంత కాలం గ్రిడ్డే మీ బ్యాటరీ. నూరు యూనిట్లు దాచుకుంటే నూరూ తిరిగి ఇస్తుంది. మీ ఇంట్లో పెట్టే లిథియం బ్యాటరీలో నూరు దాస్తే, ఇన్వర్టరు నష్టం కూడా కలుపుకొని, చేతికి తొంభై వస్తాయి. పొదుపు దృష్టితో చూస్తే దానివల్ల బిల్లు కొంచెం పెరుగుతుందే తప్ప తగ్గదు. "బ్యాటరీ పెడితే బిల్లు సున్నా" అన్న మాట ఏ లెక్కకూ నిలవదు.

రేపు పరిస్థితి మారవచ్చు. కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2023లో చేసిన సవరణ ప్రకారం, స్మార్ట్ మీటర్లు పెట్టిన ఇళ్ళకు 2025 ఏప్రిల్ నుంచి వేళను బట్టి ధర ఉండాలి. ఎండ ఉండే వేళల్లో మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ, రద్దీ వేళల్లో గృహాలకు కనీసం 10 శాతం ఎక్కువ. దాన్ని అమలులో పెట్టవలసింది ఆయా రాష్ట్రాల నియంత్రణ మండళ్ళు. అది మన ఇళ్ళదాకా వచ్చిందనే అనుకుందాము. ఎనిమిది రూపాయల యూనిట్టుకు పగటికీ రాత్రికీ తేడా రెండు రూపాయల నలభై పైసలు. ఐదు యూనిట్ల బ్యాటరీ రోజూ నాలుగు యూనిట్లు తిప్పినా ఏడాదికి 1,460 యూనిట్లు, అంటే మూడున్నర వేల రూపాయలు. రెండు లక్షల పది వేలు తిరిగి రావడానికి అరవై ఏళ్ళు పడుతుంది. బ్యాటరీ ఆయుష్షు పది, పదిహేను ఏళ్ళు.

జవాబు: కోనసీమ రైతు, అమలాపురం దగ్గర

ఇంజనీరు గారి లెక్కతో నాకు పేచీ లేదు, కానీ బ్యాటరీని పూర్తిగా పొదుపు త్రాసులోనే తూచడం మా వైపువారికి కుదరదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను మా పక్కన నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి మూడు రోజులు కరెంటు లేదు. మాకు మూడు కిలోవాట్ల ప్యానెళ్లు, హైబ్రిడ్ ఇన్వర్టరు, 5.12 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నాయి. హైబ్రిడ్ రకం కరెంటు పోగానే గ్రిడ్ నుంచి తనను వేరు చేసుకొని ఇంటికి మాత్రం ఇస్తూ ఉంటుంది, లైన్‌మన్‌కు ప్రమాదం ఉండదు.

ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నవి చెబుతాను, ఎందుకంటే వీటిని ఏ అమ్మకందారూ చెప్పడు. తుపాను మబ్బులో ప్యానెళ్లు ఇచ్చింది మొదటి రోజు రెండు యూనిట్ల లోపు. మూడో రోజు ఎండ వచ్చాకే పదకొండు చూశాము. కాబట్టి ముందు రోజు సాయంత్రానికే బ్యాటరీ నిండుగా ఉండాలి. యాప్‌లో నిల్వను నూటికి నూరు ఉంచమనే అమరిక ఉంటుంది, వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే అది మార్చుకోవాలి. రెండో సంగతి, ఇల్లంతా బ్యాటరీ మీద పెట్టకూడదు. మేము వేరే బోర్డు పెట్టించి నాలుగు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్జు, ఫోన్ చార్జర్లు మాత్రమే దాని మీదకు తీసుకున్నాము. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు 750 వాట్లే గానీ మొదలయ్యే క్షణంలో దానికి నాలుగు నుంచి ఆరు రెట్లు లాగుతుంది. ఒకసారి ఆశపడి వేస్తే ఇన్వర్టరు చప్పున ఆగిపోయింది. నీళ్ళ ట్యాంకు ముందే నింపుకోవాలి. మూడో సంగతి, ప్యానెళ్ల చట్రాన్ని ఇటుక దిమ్మెల మీద కూర్చోబెట్టి వదిలేసినవారివి కొబ్బరి మట్టల్లా ఎగిరిపోయాయి. డాబా కప్పులోకి బోల్టులు దించి కాంక్రీటు పోయించినవి నిలిచాయి.

గుంటూరులో గంటా రెండు గంటల కోతకు ఇంత అవసరం లేదన్నదే నా మాట కూడా. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారో, మాలాగా తీరంలో ఉన్నవారో అయితే లెక్క వేరు. ఒకవేళ కొంటే బ్యాటరీని డాబా మీద మెట్ల గదిలో మాత్రం పెట్టకండి. మీ మే నెల వేడికి దాని ఆయుష్షు కరిగిపోతుంది. కింద, గాలి ఆడే చోట, గోడకు ఎండ తగలని వైపు ఉండాలి.

జవాబు: తెనాలి అమ్మాయి, కాలిఫోర్నియా

బ్యాటరీ వల్ల లాభం లేదని ఇంజనీరు గారు అంటే, ఇక్కడ మా వీధిలో బ్యాటరీ లేకుండా సోలార్ పెట్టేవారు దాదాపు లేరని చెప్పాలనిపించింది. రెండూ నిజమే. తేడా అంతా నియమంలో ఉంది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి పెద్ద కరెంటు కంపెనీలకు దరఖాస్తు చేసుకున్నవారికి యూనిట్టుకు యూనిట్టు చెల్లు పద్ధతి తీసేశారు. మధ్యాహ్నం మేము గ్రిడ్‌కు పంపే యూనిట్టుకు కొద్ది సెంట్లు ఇస్తారు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది మధ్య మేము కొనే యూనిట్టు నలభై సెంట్లు దాటుతుంది. మధ్యాహ్నపుది అమ్ముకోవడం కంటే దాచుకొని సాయంత్రం వాడుకోవడమే మేలు. కూకట్‌పల్లి వారు చెప్పిన రహస్యం ఇక్కడ అక్షరాలా నిజం. మేము 2024లో పెట్టించాము. అప్పట్లో కేంద్ర ప్రభుత్వం ఖర్చులో 30 శాతం పన్ను తగ్గించేది, 2025 డిసెంబరు 31తో అదీ ముగిసింది.

తెనాలిలో మా నాన్నగారి ఇంటికి మాత్రం నేను బ్యాటరీ వద్దనే చెప్పాను. అయితే ఎప్పుడైనా ఉన్న ఇన్వర్టరు చెడిపోయి కొత్తది కొనవలసి వస్తే, అప్పుడు హైబ్రిడ్ రకం తీసుకోవడం మంచిది. నియమాలు మారిన రోజున బ్యాటరీ ఒక్కటి తెచ్చి తగిలించుకుంటే సరిపోతుంది.

అరండల్‌పేట నివాసి, గుంటూరు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఇంజనీరు గారి ఊహ అక్షరాలా నిజమైంది. ట్యాంకు నైరుతిలోనే, మెట్ల గది మీదే ఉంది. ఫోటోలు తీశాను: రెండుంపావుకు పడమటి చివరనున్న ప్యానెల్ అంచును నీడ తాకింది, మూడింటికి రెండు ప్యానెళ్లు పూర్తిగా మునిగాయి. డిసెంబరులో రోజుకు సగటున 9.4 యూనిట్లు వచ్చేవి. ముందుగా కడిగించాను, రెండు నెలల దుమ్ము కాఫీ రంగు నీళ్ళుగా దిగింది. ఆ వారం సగటు 10.6కు చేరింది.

నీడ విషయంలో ట్యాంకును కదపడానికి మా నాన్నగారు ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. ఆ రెండు ప్యానెళ్లనూ ఆగ్నేయం వైపుకు జరిపించడానికి పెట్టించిన సంస్థ వారు మొదట ఐదేళ్ళ నిర్వహణలో ఇది రాదన్నారు. ఫోటోలు చూపించాక చట్రానికి, కేబులుకు మాత్రం 6,500 తీసుకొని చేశారు. జరిపించిన తర్వాత ఎనిమిది రోజుల సగటు 12.3. జూన్‌లో మెట్ల గది నీడ తూర్పుకు పడుతుందని ఇంజనీరు గారు చెప్పినది గుర్తుంచుకొని, గది నుంచి పది అడుగులు వదిలే బిగించమన్నాను. ఆ దూరం సరిపోతుందా?

బ్యాటరీ ఆలోచన మానుకున్నాము. పాత ట్యూబులర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసి, టెర్మినళ్ల మీది పొర శుభ్రం చేయించాను. బీఎల్‌డీసీ ఫ్యాన్లు ముందుగా మూడు కొన్నాము, ఒకటి అమ్మగారి గదిలో.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, విజయవాడ

గది ఎత్తు ఎనిమిది అడుగులే అయితే జూన్‌లో మూడు గంటల దాకా పది అడుగులు సరిపోతుంది. పైనున్న ట్యాంకు నీడ మాత్రం దాన్ని దాటి కాసేపు అంచును తాకవచ్చు, కానీ అప్పటికి రోజు ఉత్పత్తిలో పెద్ద భాగం వచ్చేసి ఉంటుంది. దానికోసం మళ్ళీ చట్రం విప్పవలసిన పని లేదు. జరిపినప్పుడు ఎర్తింగు తీగ కొత్త చట్రానికి కూడా కలిపారో లేదో ఒకసారి చూసుకోండి. చాలాచోట్ల ప్యానెళ్లు జరుగుతాయి, ఎర్తింగు తీగ పాత చోటే ఉండిపోతుంది.

మీ బ్యాటరీ గురించి ఇంకొక మాట. కోత సమయంలో మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఆరు లైట్లు, రౌటరు కలిపి 160 వాట్లు దాటవు. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్‌లో నిల్వ 1.8 యూనిట్లు, సగం దాకానే వాడుకున్నా 0.9, రెండు గంటల కోతకు కావలసింది అందులో మూడో వంతుకు కొంచెం పైన. ఆ బ్యాటరీ పూర్తిగా పోయిన రోజున లిథియం రకం తెచ్చుకోవచ్చు గానీ మీ పాత ఇన్వర్టరులో లిథియంకు తగిన చార్జింగు అమరిక ఉన్నదో లేదో చూసుకున్నాకే తీసుకోండి. అది లేకుండా తగిలిస్తే బ్యాటరీ సరిగ్గా నిండదు, లేదా దాని రక్షణ వ్యవస్థ మాటిమాటికీ ఆపేస్తూ ఉంటుంది.